గట్టి చలి పడితేనే అడుగుకి ఊపిరి

జపాన్ సముద్రం లోతు 3,700 మీటర్ల దాకా ఉంది. దాన్ని బయటి సముద్రాలతో కలిపే జలసంధుల్లో నీరు దాటాల్సిన గట్ల లోతు మాత్రం 150 మీటర్లు కూడా ఉండదు. బయటి మహాసముద్రపు లోతు నీరు లోపలికి రాలేదు. అడుగుకి కావలసిన బరువైన నీళ్లు అక్కడికక్కడే తయారవ్వాలి.

సైబీరియా పొడిగాలి రష్యా రేవు వ్లాదివొస్తోక్ దగ్గర పైనీటిని చల్లబరుస్తుంది, కొంత ఆవిరి చేస్తుంది. నీరు గడ్డకడుతూ ఉప్పును కిందికి వదిలేస్తుంది. మంచినీరు 4 డిగ్రీల దగ్గరే అత్యంత బరువు; సముద్రపు నీరు అలా కాదు, గడ్డకట్టే దాకా బరువెక్కుతూనే ఉంటుంది. 2000-01 శీతాకాలంలో అలా బరువెక్కిన నీరు అడుగుదాకా దిగింది. చలి చాలకపోతే సగంలో ఆగి పక్కకి పరుచుకుంటుంది. ఎక్కువ ఏళ్లు జరిగేది ఇదే.

దీన్ని ఉష్ణోగ్రతతో పట్టుకుందామంటే కష్టం, తేడా డిగ్రీలో నూరో వంతుల్లో ఉంటుంది. పైనుంచి కొత్తగా దిగిన నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి దాన్నే చూడాలి. సెన్సర్‌ను గుడ్డిగా నమ్మకుండా, అదే లోతు నీటిని సీసాల్లో పట్టి వింక్లర్ పద్ధతిలో టైట్రేట్ చేసి, అంటే కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచి, సరిచూడాలి. సీసాలో ఒక్క గాలిబుడగ మిగిలినా అంకె పెరిగిపోతుంది, లేని ‘కొత్త నీరు’ కనిపిస్తుంది!

నల్ల సముద్రం సంగతి వేరు. నదుల తియ్యనీరు పైన మూతలా కూర్చుంటుంది. ఎంత చలి పెట్టినా చల్లదనం ఆ మూత కిందికి పెద్దగా దిగదు. ఆక్సిజన్ అందక అడుగు నీటి నిండా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువే.