బొయానాలో పది నిమిషాలు

బల్గేరియా రాజధాని సోఫియా వెళ్ళినవాళ్ళంతా అలెగ్జాండర్ నెవ్‌స్కీ చర్చి బంగారు గుమ్మటం ముందు ఫొటో దిగి వస్తారు. మేమూ దిగాం. అంతకుమించి దాని గురించి చెప్పడానికి నా దగ్గరేం లేదు.

మర్నాడు 64 నంబరు బస్సెక్కి వితోషా కొండ కిందున్న బొయానాకి వెళ్ళాం. గోడబొమ్మలకి పేరున్న అక్కడి పాత చర్చిని చూడగానే నీరసం వచ్చింది. మా ఊరి రామాలయమంత ఉంటుందేమో! అప్పట్లో టికెట్టు పది లెవాలు (యూరో రాకముందు అక్కడి డబ్బు), మనిషికి దాదాపు ఐదొందల రూపాయలు. పైగా లోపల ఉండనిచ్చేది పది నిమిషాలే. అదీ ఒక్కోసారి కొద్దిమందినే. మన ఊపిరిలోని తేమకి గోడమీది బొమ్మలు పాడవుతాయట. కారణం సబబే. నాకు మాత్రం తిరుమలలో "జరగండి, జరగండి" గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

లోపలికెళ్ళాక చీకటికి కళ్ళు అలవాటు పడేసరికే రెండు నిమిషాలు పోయాయి. అప్పుడు కనిపించింది గోడమీది బొమ్మలో దేసిస్లావా. నాజూకైన కనుబొమలు, తలమీద కిరీటం, చూపులో ఏదో దిగులు. పక్కనే భర్త కలోయాన్, అప్పటి దొర, తాను పెంచి కట్టించిన చర్చినే బుల్లి బొమ్మలా చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. లేపాక్షి కప్పుమీద విరూపణ్ణ అన్నదమ్ములు గుర్తొచ్చారు. కట్టించినవాళ్ళకి తామూ బొమ్మలో ఉండాలనే ఆశ ఎక్కడైనా ఒకటే. కాకపోతే లేపాక్షిలో నేల మీద వెల్లకిలా పడుకుని ఎంతసేపైనా చూడొచ్చు, అడిగేవాడుండడు.

ఈ బొమ్మలు వేసింది 1259లో. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులు. వేసినవాళ్ళెవరో మనుషుల ముఖాల్ని బాగా చూసినవాళ్ళు. లోపలి గోడమీద యేసు చివరి రాత్రి భోజనం ఉంది. బల్ల మీద రొట్టెతోపాటు వెల్లుల్లి, ముల్లంగి! ఆ ఊళ్ళో వాళ్ళు రోజూ తినేవే తెచ్చి ప్రభువు ముందు పెట్టేశారు. మా అమ్మమ్మ వినాయకుడికి పెరట్లో కాసిన దోసకాయలే నైవేద్యం పెట్టేది. నేనా ముల్లంగిని చూస్తూ ఉండిపోయాను.

ఇంతలో కాపలా ఆవిడ గడియారం చూపించింది. బయట పెద్ద పెద్ద సెకోయా చెట్లు, వాటి దగ్గరే ఒకప్పటి బల్గేరియా రాణి ఎలియనోరా సమాధి. ఈ పాత చర్చిని కూల్చెయ్యబోతే అడ్డుపడి కాపాడింది ఆవిడేనట.

"పైన గుమ్మటంలో క్రీస్తు ఎంత బాగున్నాడో కదా!" అంది మా ఆవిడ.

నేను తలే ఎత్తలేదు. మళ్ళీ టికెట్టు కొంటానంటే, "ఇంకో ఐదొందలా?" అని బస్టాపు వైపు నడిచింది.