పైకి కొత్తగానే ఉన్నాయి, అడుగున అయిపోయాయి

కొన్ని వారాలుగా వాకింగ్ అయ్యాక మోకాలి కింద ఎముక పొడవునా ఒకటే లాగుడు. షూ మార్చాలని అంటే మా ఆయన, "ఇంకా కొత్తగానే ఉన్నాయిగా!" అన్నారు. నిజమే, పైనున్న మెష్ (జాలీ బట్ట) చిరగలేదు, రంగు పోలేదు. తిప్పి అడుగు చూపించాను. మడమ బయటి అంచున గీతలన్నీ అరిగి నున్నగా అయ్యాయి. టేబుల్ మీద పెట్టి వెనక నుంచి చూస్తే ఒక షూ పక్కకి ఒరిగి ఉంది. సోల్‌కి పైన ఉండే ఫోమ్ ముడతలు పడిపోయింది, బొటనవేలితో నొక్కితే అణగడం లేదు. అడుగు వేసినప్పుడు అదురుని మింగేది ఆ ఫోమే. అది చచ్చిపోయాక పైన ఎంత మెరిసినా దండగే.

రన్నింగ్ షూ 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుందని లెక్క. మనిషి బరువుని, నడిచే నేలని బట్టి అటూ ఇటూ అవుతుంది, నడకకైతే ఇంకాస్త ఎక్కువే రావచ్చు. నా నడక విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద. దాని పొడవు 1,223 మీటర్లు. సీతానగరం వైపు వెళ్లి తిరిగొస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. రోజూ రెండుసార్లు వెళ్లొస్తే నెలకి 150 కిలోమీటర్లు. ఆరు నెలలు తిరిగేసరికి షూ అడుగు చూసుకోవాల్సిందే.

కొత్త షూ కొనడానికి బీసెంట్ రోడ్డుకి కావాలనే సాయంత్రం వెళ్లాను. పగలంతా నిలబడి తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, మన ఎండలకి మరీనూ. పొద్దున సరిపోయిన షూ అప్పుడు బిగుసుకుపోతుంది. వాకింగ్‌కి వేసుకునే సాక్సులే తీసుకెళ్లాను. షాపులో అబ్బాయి నా చెప్పుల సైజు అడిగి అదే నంబరు తెచ్చాడు. వేళ్లు ముందుకి తగిలాయి. "వాడితే సాగుతాయి మేడమ్" అన్నాడు. ఈ మాట నమ్మకండి. స్పోర్ట్స్ షూ తోలు చెప్పులా సాగదు. నిలబడి చూస్తే అన్నిటికంటే పొడవైన వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు. చాలామందికి రెండు పాదాలూ ఒకే సైజు ఉండవు కాబట్టి పెద్దదాన్ని బట్టి తీసుకోవాలి.

"ఒక నంబరు పెద్దది, వెడల్పుగా ఉన్నది ఇవ్వు బాబూ" అన్నాను. రంగులు చూపిస్తుంటే వద్దని, తెచ్చిన ప్రతి జతనీ వంచి చూశాను. వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో మడత పడితే పక్కన పెట్టేశాను. చివరికి ఒక బూడిద రంగు జత వేసుకుని షాపులోనే అటూ ఇటూ గబగబా నడిచాను. ఎక్కడా నొక్కలేదు.

కొత్తవి వేసుకున్నాక లాగుడు మెల్లగా తగ్గింది. వీటిని వాషింగ్ మిషన్‌లో వేయను, మండుటెండలో పెట్టను, వేడికి అతుకులు ఊడతాయి. వానలో తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెడతాను. కొన్న తేదీ మాత్రం షూ నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలివైపు మార్కర్‌తో రాసుకున్నాను.