మిర్చి సీజన్, పంది కుచ్చు బ్రష్, 22వ గడ్డం

పొద్దున ఐదుంపావుకే లేచాను. శని, ఆదివారాలు బంద్ ఉండి సోమవారం మార్కెట్ తెరిస్తే, అదీ ఫిబ్రవరి నెలలో, మా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఎంత మిర్చి వస్తుందో ఈ ఊర్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏడింటికల్లా అడ్తి (కమీషన్) దుకాణంలో చిట్టా ముందు కూర్చోవాలి. అయినా గడ్డానికి ఇరవై నిమిషాలు తీసి పెట్టుకున్నాను, ఎందుకంటే ఇవాళ పంది కుచ్చు బ్రష్‌తో, అంటే పంది వెంట్రుకలతో కట్టిన గడ్డం బ్రష్‌తో, 22వ సారి, పోయిన గురువారం నుంచే అది దారికి వస్తున్నట్టు చేతికి తెలుస్తోంది.

మిర్చి మార్కెట్‌లో పని చేసేవాడికి గడ్డం గీసుకోవడం చిన్న విషయం కాదు. కాంటా మీద బస్తా పడినప్పుడల్లా, శాంపిల్ చూడటానికి మూతి విప్పినప్పుడల్లా సన్నటి ఎర్ర దుమ్ము లేస్తుంది. అలవాటైన వాళ్లకు మామూలు చర్మం మీద అది పెద్దగా తెలియదు, హమాలీ అన్నలు ముక్కుకు తువాల కట్టుకుని పని చేసుకుపోతారు. అదే పొద్దున్నే గీకిన చెంప మీద, గొంతు కింద తెగిన చోట పడిందంటే మధ్యాహ్నం దాకా నిప్పు పెట్టినట్టే ఉంటుంది. ఉత్త నీళ్లతో కడిగితే పోదు, మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది గానీ నీళ్లకు లొంగదు. వేడిని పసిగట్టే నరాలనే అది తట్టి లేపుతుందట, ఆ దారి పట్టుకుని పరిశోధన చేసిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా దుకాణంలో అందరికీ చెప్పాను, మనం రోజూ పడేది ఇదేనని.

నేను నాలుగేళ్లు ఐదు బ్లేళ్ల రేజరు, డబ్బాలో వచ్చే నురుగు వాడాను. ఒక్కసారి లాగితే చర్మం మీద ఐదు అంచులు పోతాయి. ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగి పెడితే వెనక బ్లేళ్లు దాన్ని చర్మం కంటే కిందికి కోసేస్తాయి, అది మళ్లీ పెరిగేటప్పుడు లోపలే వంకర తిరిగి పొక్కు అవుతుంది. నాకు గొంతు కింద ఎప్పుడూ అవే పొక్కులు. పోయిన ఏడాది విసుగొచ్చి సీజన్ మధ్యలో గడ్డమే పెంచేశాను, అప్పుడు ఆ దుమ్మంతా గడ్డంలో పట్టి, రాత్రి చిన్నది వచ్చి మెడ చుట్టూ చేతులేస్తే దాని బుగ్గ మండి ఏడ్చింది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, బాపు చేసుకునే పాత పద్ధతికి పోవాలని: ఒక్క బ్లేడు రేజరు, క్రీము, బ్రష్, పటిక.

రేజరు, బ్లేళ్ల సంగతి వారంలో తేలిపోయింది. బ్రష్ దగ్గరే ఇన్ని నెలలు పట్టింది.

కిరాణా కొట్టులో దొరికే నైలాన్ బ్రష్‌తో మొదలుపెట్టాను, దాని కుచ్చులో నీళ్లు నిలవక నురుగు మోచేతి మీదుగా కారిపోయేది. తర్వాత గుర్రం వెంట్రుకలది తెప్పించాను. జూలు వెంట్రుకలు మెత్తన, తోక వెంట్రుకలు బిగువు, రెండూ కలిపి కడతారు, కత్తిరించుకుంటే చాలు గుర్రాన్ని చంపాల్సిన పని లేదు. ఆ ఒక్క సంగతికే నాకు దాని మీద ఇష్టం ఏర్పడింది. కాకపోతే గుర్రం బ్రష్‌ల వెనక ఒక భయంకరమైన చరిత్ర కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుర్రం వెంట్రుకలతో చవక బ్రష్‌లు కట్టి అమ్మారు, వాటిలో సరిగ్గా శుద్ధి చేయని వెంట్రుకల వల్ల ఇంగ్లండ్‌లో, అమెరికాలో సైనికులకు, మామూలు జనానికి మొహం మీద, మెడ మీద ఆంత్రాక్స్ పుండ్లు లేచాయి, కొందరు చనిపోయారు కూడా. ఆంత్రాక్స్ అంటే మన దగ్గర గొర్లకు వచ్చే దొమ్మ రోగమే. మా అమ్మమ్మ ఊర్లో దొమ్మతో చచ్చిన గొర్రెను ఎవరినీ కోయనియ్యరు, లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడుస్తారు. ఇప్పుడు వెంట్రుకలను శుద్ధి చేశాకే కుచ్చు కడుతున్నారు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. నాకు మాత్రం అది చెంప మీద గుచ్చుకున్నట్టుండి, రెండు వారాల తర్వాత పక్కన పెట్టాను.

బ్యాడ్జర్ బ్రష్ పూర్తిగా వేరే లోకం. బొరియల్లో ఉండే జంతువు అది, దాని వెంట్రుక మొదట్లో తెల్లగా, నడుమ నల్లటి పట్టీతో, కొస మళ్లీ తెల్లగా ఉంటుంది, కుచ్చును పైనుంచి చూస్తే తెల్లటి పువ్వు విచ్చుకున్నట్టు కనిపిస్తుంది. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని రకాలు చెప్తారు, మెత్తదనం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. నేను కొన్నది బెస్ట్ అన్న రకం. మొదటి రోజు తడిపితే తడిసిన కుక్క వాసన వచ్చింది, రెండు మూడు సార్లు క్రీముతో బాగా నురుగు పట్టించి అలాగే రాత్రంతా వదిలేస్తే పోయింది. నీళ్లు పట్టడంలో దీన్ని మించింది లేదు, వెంట్రుకల సందుల్లో నీళ్లు ఆగుతాయి, మొహం మీద పెడితే గోరువెచ్చటి దూది. ఇంత మెత్తటిది నా గడ్డానికి మాత్రం సరిపోలేదు. నాది ముతక వెంట్రుక, రెండు రోజులు ఆగితే పీచు బ్రష్‌లా నిలబడుతుంది, దాన్ని లేపి నురుగు అడుగుదాకా పట్టించాలంటే కుచ్చుకు కొంచెం బలం కావాలి. ఇంకో మాట కూడా ఉంది. ఈ వెంట్రుక ఎక్కువగా చైనా నుంచి వస్తుంది, అదే జంతువును కాపాడుకోవడానికి బ్రిటన్ 1992లో ప్రత్యేకంగా చట్టమే చేసుకుంది. మన దేశంలో ముంగిస వెంట్రుకలతో చేసిన బొమ్మల కుంచెలు అమ్మితే వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు. ఇవన్నీ తెలిశాక రెండో బ్యాడ్జర్ బ్రష్ కొనకూడదని అనుకున్నాను.

అలా చివరికి పంది కుచ్చు దగ్గరికి వచ్చాను, డిసెంబర్ ఆఖర్లో. 24 మిల్లీమీటర్ల మందం, చెక్క పిడి, బ్యాడ్జర్ దాంట్లో మూడో వంతు ధర. పార్శిల్ విప్పుతుంటే అమ్మ అడిగింది, ఇది దేని వెంట్రుకని. దాచాలనిపించలేదు, చెప్పేశాను.

"పంది బొచ్చా? దేవుని ముంగట దీపం పెట్టే మొహానికి పంది బొచ్చు రాసుకుంటవా కొడుకా?" అని అక్కడే నిలబడిపోయింది.

కుర్చీలో పేపర్ చదువుతున్న బాపు తల ఎత్తకుండానే, "నేను నలభై ఏండ్లు రుద్దుకున్నది ఏందనుకున్నవ్ మరి? అప్పుడు మండీబజార్ల దొరికేటివన్నీ అవ్వే" అన్నాడు. అమ్మ ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, దేవుని గది పక్కన పెట్టొద్దు, స్నానం చేశాకే లోపలికి రావాలి అని రెండు షరతులు పెట్టింది. న్యాయమే అనిపించింది. మంగళ, శుక్ర, శనివారాల్లో గడ్డం ముట్టుకోవద్దనేది ఎలాగూ మా ఇంట్లో మొదటి నుంచీ ఉన్నదే, అందుకే ఇన్ని వారాలైనా ఇవాళ్టికి 22 గడ్డాలే.

మొదటి వారం నిజంగా కష్టపెట్టింది. కుచ్చు చీపురులా గరుకు, వెంట్రుకలు రోజుకు నాలుగైదు ఊడి చెంపకు అంటుకునేవి, నురుగంతా కుచ్చు లోపలే ఉండిపోయి మొహం దాకా వచ్చేది కాదు. దానికి తోడు బోరు నీళ్లు. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి సబ్బుతో కలిస్తే నురుగు రాకపోగా పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు తేలుతాయి, బకెట్ అంచుకు పేరుకునేది అదే. బ్రష్ మంచిది కాదని నేను తిట్టుకున్న రోజుల్లో సగం తప్పు నీళ్లదే. నల్లా వచ్చిన రోజు ఒక బిందె పక్కన పట్టి పెట్టుకోవడం మొదలుపెట్టాక తేడా తెలిసింది. దేవాదుల దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు ధర్మసాగర్ చెరువులో పడి, అక్కడి నుంచి శుద్ధి అయి మన నల్లాల్లోకి వస్తాయి కదా, ఆ నీళ్లతో అదే క్రీము, అదే బ్రష్, నురుగు మాత్రం గిన్నె దాటింది. గడ్డానికి కావలసింది ఒక చెంబెడు నీళ్లే, కాబట్టి బిందె నాకు వారం వస్తుంది.

ఇవాళ పొద్దున బ్రష్‌ను గోరువెచ్చటి నీళ్ల చెంబులో నిలబెట్టి పళ్లు తోముకున్నాను. మరిగే నీళ్లు పోయకూడదు, వెంట్రుక పెళుసు బారుతుంది, కుచ్చును పిడికి అంటించిన జిగురు కూడా వదులవుతుంది. పంది వెంట్రుకకు ఐదు నిమిషాలైనా నానే టైమ్ ఇవ్వాలి, ఎందుకంటే బ్యాడ్జర్‌లా సందుల్లో నీళ్లు పట్టుకోవడమే కాదు, వెంట్రుకే నీళ్లు తాగి మెత్తబడుతుంది. నానాక తీసి ఒకసారి విదిల్చి కిటికీ వెలుతురులో దగ్గరగా పట్టి చూశాను. కొత్తలో ఒక్కో వెంట్రుక కొస సూదిలా ఒంటిగా ఉండేది. ఇప్పుడు ప్రతి కొసా రెండుగా, మూడుగా చీలి ఉంది, వరి వెన్ను చివర నూగులా, వేలితో రాస్తే ముందు మెత్తదనం తగులుతుంది, కొంచెం నొక్కితే కింద బిగువు ఉంది. కొస మెత్తన, నడుము గట్టి. నాకు కావలసింది సరిగ్గా అదే, 21 సార్లు తడిసి ఆరి, తడిసి ఆరి, అదే అలా తయారైంది.

శనగగింజంత క్రీము గిన్నెలో వేసి తిప్పాను, ముందు పెద్ద బుడగలు, తర్వాత ఒక్కో చుక్క నీళ్లు కలిపేకొద్దీ బుడగలు చిన్నవై, చివరికి గిలక్కొట్టిన పెరుగులా చిక్కబడి మెరిసింది. మొహం మీద గుండ్రంగా రుద్దుతుంటే వెంట్రుకలు ఒక్కొక్కటే నిక్కబొడుచుకుని లేవడం తెలిసింది, ఆ తర్వాత పైనుంచి రంగు వేసినట్టు పూత పూశాను. మొదటి చుట్టు వెంట్రుక వాలుకే, రెండో చుట్టు అడ్డంగా. ఎదురు గీయలేదు, మిర్చి సీజన్ అయిపోయే దాకా ఎదురు గీత వద్దనే నియమం పెట్టుకున్నాను. గొంతు కింద నా వెంట్రుక ఎడమకు వాలి ఉంటుంది, ఇన్నేళ్లూ కింది నుంచి పైకి లాగుతూ వచ్చాను, ఆ పొక్కులు ఎందుకు వచ్చేవో అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది. తర్వాత చల్లనీళ్లు, పటిక. తెగిన చోట పటిక తగిలితే సుర్రుమంటుంది, ఇవాళ ఎక్కడా అనలేదు. మూడు వేళ్లతో దవడ కింద తడిమి చూసుకున్నాను, రెండోసారి కూడా తడిమి చూసుకున్నాను. కొబ్బరినూనె ఒక్క చుక్క రాసుకుని బండి తీశాను.

మార్కెట్ సంగతి ఏం చెప్పను, గేటు దగ్గరి నుంచే దగ్గులు. తేజ రకం బాగా వచ్చింది, ములుగు వైపు నుంచి వచ్చిన రైతులు రాత్రి బస్తాల మీదే పడుకున్నట్టున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పది గంటలకు వేలం పాటలు మొదలయ్యాయి, ధర పోయినవారం కంటే తగ్గిందని ఒక పెద్దాయన చాలాసేపు దుకాణం మెట్టు మీదే కూర్చున్నాడు, ఆయనకు చాయ్ తెప్పించి లెక్క మళ్లీ ఒకసారి వివరించాను, అంతకంటే నా చేతిలో ఏమీ లేదు, ఆ బాధ సాయంత్రం దాకా ఉంది. భోజనం టైమ్‌లో మొహం కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ చెంప మీద చెయ్యి పోలేదని. తుమ్ములు వచ్చాయి, కళ్లు నీళ్లు పెట్టుకున్నాయి, అవి ఎప్పుడూ ఉండేవే. చెంపలు, గొంతు మాత్రం చల్లగా ఉన్నాయి.

సాయంత్రం ఇంటికి వచ్చి నూనె రాసి, సబ్బుతో మొహం కడిగి, ముందు చేసిన పని బ్రష్ చూసుకోవడం. పొద్దున హడావిడిలో సరిగ్గా కడగలేదని అనుమానం. కుచ్చు మొదట్లో సబ్బు మిగిలితే అక్కడే గట్టిపడి వెంట్రుకలు విరుగుతాయి, అందుకే నెలకోసారి నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి ముంచి తీస్తే ఆ తెల్లటి పొర పోతుంది. విప్పి చూశాను, శుభ్రంగానే ఉంది. మూత పెట్టకుండా, గాలి తగిలేలా కిటికీలో నిలబెట్టాను.

బాపు వచ్చి నా గొంతు కింద ఒకసారి చూసి, "ఈసారి పొక్కులు లేవు" అన్నాడు. ఆయనకు 74 ఏళ్లు, చర్మం కాగితంలా పలచబడింది, సెలూన్‌లో గీయిస్తే ఎర్రగా కమిలిపోతోందని రెండు నెలలుగా సగం గడ్డంతోనే తిరుగుతున్నాడు. అల్మారాలో ఊరికే పడి ఉన్న బ్యాడ్జర్ బ్రష్ తీసి ఆయన చేతికిచ్చాను. కొసలు అరచేతిలో రెండు మూడు సార్లు తిప్పుకుని, "మెత్తగుందిరా" అని, రేపు మంగళవారం కదా అని తనే లెక్క చూసుకుని, "బుధవారం నీది నానబెట్టేటప్పుడు ఇది గూడ నానబెట్టు" అన్నాడు. దీన్ని నానబెట్టక్కర్లేదు బాపూ, ముంచి తీస్తే చాలు అన్నాను. బిందెలో నీళ్లు సగానికి వచ్చాయి, రేపు నల్లా వచ్చినప్పుడు పట్టాలి.