బొర్రా గబ్బిలం, అనంతగిరి నలంచి

కిరండూల్ రైలు, సొరంగాలు, అరకు మ్యూజియం అందరూ చూసినవే, వాటి గురించి రాయను. ఈ ఏప్రిల్‌లో నా మనసు కలచివేసింది బొర్రా గుహలో గడిచిన పావుగంట.

మెట్లు దిగి తలెత్తితే కప్పు సందుల్లో గబ్బిలాలు. ఫల్వస్ ఫ్రూట్ బ్యాట్ అంటారు, పండ్లు తినే రకం. పెద్ద కళ్లు, అచ్చం కుక్కపిల్ల మొహం. హాయిగా నిద్రపోతున్నాయి. మా వెనకొచ్చిన కుర్రాళ్లు వాటి కళ్లలోకి ఫోన్ లైట్లు కొట్టి, ఈలలేసి లేపేశారు. వద్దు నాయనా అంటే వింటేనా! గుంపంతా చెదిరింది. ఒక తల్లి నా తల మీదుగా పోయింది, పొట్టకి పిల్లని కరిపించుకుని. ఈతకి ఒక్కటే పిల్ల దానికి. నాలుకతో టిక్కుటిక్కుమంటూ, ఆ శబ్దం గోడకి తగిలి తిరిగొస్తే దాన్నిబట్టి చీకట్లో దారి పోల్చుకుంటుంది. అంత గోలలో దానికేం వినబడుతుంది?

అక్కణ్నుంచి అనంతగిరికి ఆటోలో మనిషికి రెండొందలు. బేరమాడే ఓపిక కూడా లేకపోయింది.

సాయంత్రం బస ముందు సిల్వర్ ఓక్ చిటారు కొమ్మన పెద్ద నలంచి పిట్ట. నలుపూ తెలుపూ, తోక నిక్కించి, పాడిందే పాడకుండా కొత్త వరస అందుకుంటోంది. వరండాలో అందరూ మాటలాపేశారు. చంటిపిల్లాడు ఏడవబోతే వాళ్లమ్మ లోపలికి ఎత్తుకెళ్లింది. పిట్టకిచ్చిన ఆ మర్యాద చూసి నాకు గుహలోని తల్లి గబ్బిలమే గుర్తొచ్చింది. నలంచి రెక్కంతా ఈకలు, వేళ్లు ఏనాడో అతుక్కుపోయాయి. గబ్బిలం రెక్క మాత్రం మన చెయ్యే: సాగిన నాలుగు వేళ్లు, మధ్యన పల్చటి చర్మం, పట్టుకోడానికి విడిగా బొటనవేలు. నలంచి గుడ్లు పెట్టి పురుగులు తెచ్చి మేపుతుంది. గబ్బిలం మనలాగే పిల్లకి పాలు ఇస్తుంది. అయినా మా నాయనమ్మ నూతి గట్టు మీద నలంచికి మురిసిపోయేది, గబ్బిలం ఇంట్లోకొస్తే దరిద్రమని చీపురు తీసేది.

చీకటి పడింది. నలంచి ఆపేసింది. కాసేపటికి పెరట్లో మేడిచెట్టు మీద రెక్కల చప్పుడు, వెంటనే రేకుల మీద టపటపా పళ్లు.

"రాత్రంతా ఇంతేనా అక్కా?" అన్నాను వంటావిడతో.

"అంతే బాబూ. అవి తిన్నాక మిగిలినవి పొద్దున్నే మా ఆవుకి."

లైటు తీసేసి వరండాలోనే కూర్చున్నాను. ఇంకో పండు రాలింది.