గడప దగ్గర చెప్పులు

కరోనా వచ్చేనాటికి మా చిన్నాయనకు 56 ఏళ్లు; పుట్టుకతోనే మేధో వైకల్యం ఉన్న ఆయనకు గడియారం చూడడం రాకపోయినా, పొద్దున్నే హన్మకొండ వేయిస్తంభాల గుడి దాకా నడిచి, మలుపులోని హోటల్లో చాయ్ తాగి వచ్చే వేళ మాత్రం ఎన్నడూ తప్పలేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు, గుడి ఎందుకు మూశారో, చాయ్ పోసే మనిషి ఎటు పోయాడో ఆయనకు అర్థమయ్యేలా చెప్పే మాటలు మా దగ్గర లేకపోయాయి. రోజూ చెప్పులు వేసుకొని గడప దగ్గర నిలబడేవాడు. నెల తిరిగేసరికి నిలబడడం మానేశాడు, మాటలూ తగ్గాయి. తాను ఏదో తప్పు చేసినందుకే ఇంట్లో ఉంచామని ఆయన అనుకున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మాస్కు సంగతి చెప్పనక్కర్లేదు, మడిచి జేబులో దాచుకునేవాడు.

2021 మార్చి 1 నుంచి 45–59 ఏళ్ల వయసులో దీర్ఘకాలిక సమస్యలున్నవారికి టీకా మొదలైనప్పుడు, ఆ 20 అంశాల జాబితాలో మేధో వైకల్యం కూడా ఉందని నాకు తెలియదు. టీకా కేంద్రంలో బీపీ, షుగర్ లేవు కదా అని తిప్పి పంపారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పట్టుకొని రెండోసారి వెళ్లాకే సూది వేశారు. ఆనాడు నొప్పి కన్నా, బయటికి వచ్చానన్న సంతోషమే ఆయన ముఖంలో కనిపించింది. ఇప్పుడు మళ్లీ గుడి దాకా నడుస్తాడు, కాని నా చెయ్యి పట్టుకుంటేనే.