సాఫ్రన్ వాల్డెన్ సంతలో ఒక శనివారం

ఇంగ్లండ్‌లో ఉన్న నెల రోజుల్లో ఎవరి తోడూ లేకుండా నేను చూసొచ్చిన ఊరు ఇదొక్కటే. అమ్మాయికి ఐదో నెల అని నేనూ, మా ఆవిడా కేంబ్రిడ్జ్ వెళ్ళాం. ఒక శనివారం పొద్దున్నే "నాన్నగారూ, మ్యూజియాలు చాలు, ఇవాళ మీకు సంత చూపిస్తా" అంది. తీరా బయల్దేరే వేళకి తనకి నీరసంగా అనిపించింది. నేను మానేస్తానన్నా ఒప్పుకోలేదు. టికెట్టు నా ఫోన్లో పెట్టి, ఆడ్లీ ఎండ్ స్టేషన్లో దిగమని పదిసార్లు చెప్పి పంపించింది. అక్టోబరు నెల, చలి అప్పుడప్పుడే మొదలవుతోంది.

దిగాక గానీ తెలియలేదు, స్టేషన్ ఒకచోట, ఊరు ఇంకోచోట అని. మధ్య మూడు కిలోమీటర్ల పైనే. ఒకప్పుడు ఊళ్ళోకి చిన్న బ్రాంచి లైను ఉండేది. 1865లో వేసిన ఆ లైన్లో 1964లో ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు. ఊళ్ళోని పాత స్టేషన్లో ఇప్పుడు కాపురాలుంటున్నారు. నేను బస్సెక్కి వెళ్ళాను.

ఈ ఊరి పేరు వెనక రెండు కథలున్నాయి. మొదట్లో దీన్ని చిప్పింగ్ వాల్డెన్ అనేవారు. చిప్పింగ్ అంటే పాత ఇంగ్లీషులో సంత. మనకి సంతనూతలపాడు, సంతకవిటి ఉన్నట్టే. 1141లో పక్కనున్న న్యూపోర్ట్ నుంచి సంతను ఇక్కడికి, కొత్తగా కట్టిన కోట నీడకి మార్చారు. ఆ కోటలో ఇప్పుడు చెకుముకి రాళ్ళ మొండిగోడలే మిగిలాయి గానీ, సంత మాత్రం నేటికీ మంగళవారం, శనివారం సాగుతోంది. ఆ తరవాత 16, 17 శతాబ్దాల్లో ఈ చుట్టుపక్కల పొలాల్లో కుంకుమపువ్వు పండింది. ఉన్ని బట్టలకి రంగుగా, మందుగా, వంటలోకి దానికి గిరాకీ. పంట ఊరి పేరులోకే ఎక్కింది, సాఫ్రన్ వాల్డెన్ అయింది. బయటి దేశాల సరుకు చవగ్గా దొరికేసరికి 18వ శతాబ్దం గడిచేలోపు సాగు పోయింది. పొలాలు బార్లీకీ, ఊరు మాల్టు (బీరు కోసం మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వ్యాపారానికీ మళ్ళాయి. పేరు మాత్రం అలాగే ఉంది.

నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఇంజనీరుగా బిల్డింగుల పనే చూశాను. ఎక్కడికి వెళ్ళినా ముందు నా చూపు గోడ మీదికే పోతుంది. సంత చౌకులో నిలబడగానే టౌన్‌హాల్ ముందుభాగం కనపడింది. నల్లటి కర్రల చట్రం, మధ్యలో తెల్లటి పూత, ముందుకి పొడుచుకొచ్చిన పై అంతస్తు. నాలుగొందల ఏళ్ళ నాటిది కాబోలనుకున్నాను. కాదు. ఆ ముఖం 1879లో పెట్టింది. దాని వెనక సాదాగా ఉన్న ఇటుక కట్టడమే అసలుది, 1761 నాటిది. పాతగా కనిపించేది కొత్తది, కొత్తగా కనిపించేది పాతది! డబ్బిచ్చినవాడు జార్జ్ స్టేసీ గిబ్సన్ అనే బ్యాంకరు. క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం, మాల్టు, బీరు వ్యాపారం నుంచి బ్యాంకింగులోకి వచ్చినవాళ్ళు. వాళ్ళ బ్యాంకు 1896లో బార్క్లేస్‌లో కలిసిన ఇరవై బ్యాంకుల్లో ఒకటి. సంత చౌకులోనే వాళ్ళు 1874లో కట్టించిన బ్యాంకు భవనం కూడా అలాగే పాతకాలపు పోకడతో ఉంది. ఊరు బాగా డబ్బు చూసిన రోజుల్లో, తమ ఊరికి ఇంకా పాత రూపమే కావాలనుకున్నారన్నమాట. నాకు ఆ కోరిక నచ్చింది.

సంతలో చేపల బండి, చీజు, రొట్టెలు, పూలమొక్కలు, మట్టి వదలని క్యారెట్లు. వాటిని దాటి పక్క సందుల్లోకి వెళ్ళాను. మార్కెట్ రో, బుచర్ రో... ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాల్సిందే. ఇంత ఇరుగ్గా ఎందుకున్నాయంటే, ఇవి మొదట వీధులు కావు. సంత స్థలంలో వరసగా వేసుకున్న కొట్లు. సాయంత్రానికి ఎత్తేయాల్సిన గుడారం మర్నాటికి ఉండిపోయింది, తరవాత దానికి కర్రల గోడ వచ్చింది, ఆ పైన అంతస్తు లేచింది. ఆక్రమణల ఫైళ్ళు ఎన్నో చూసినవాణ్ణి, ఈ కథ నాకు బాగా తెలుసు. మాంసం కొట్ల వరస, బట్టల కొట్ల వరస అని వేరువేరుగా ఉండేవట. కింగ్ స్ట్రీట్, క్రాస్ స్ట్రీట్ కలిసే మూల మీద కర్ర కమానుల కిటికీలున్న పాత అంగడి ఉంది. 1500 ప్రాంతం నాటిది. ఆ కాలంలో కిటికీ తలుపునే కిందికి దించి బల్లలా చేసి, దాని మీద సరుకు పెట్టి అమ్మేవాళ్ళు. మా ఊళ్ళో కిరాణా కొట్టాయన అలా పలక తలుపు దించి దాని మీద బెల్లం దిమ్మలు పేర్చేవాడు. ఆ కమాను కింద చాలాసేపు నిలబడిపోయాను.

చర్చి స్ట్రీట్ మూల మీద ఓల్డ్ సన్ ఇన్ ఉంది. నేను వెళ్ళిన పని దానితోనే తీరిపోయిందనిపించింది. పేరుకి సత్రం, 14వ శతాబ్దం నుంచీ పెరుగుతూ వచ్చిన ఇళ్ళ వరస. పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. గోడల మీదంతా గార పని. పక్షులు, ఆకులు, పండ్లు, 1676 అనే అంకె. బండి లోపలికి పోయే వాకిలి పైన ఇద్దరు వీరులు. ఒకడు టామ్ హికథ్రిఫ్ట్, ఆ ప్రాంతపు జానపద కథల్లోని బలశాలి. ఇంకొకడు విస్‌బీచ్ అనే ఊరి రాక్షసుడు. కథలో టామ్ బండి ఇరుసు ఊడదీసి ఆయుధంగా, చక్రం డాలుగా పట్టి ఆ రాక్షసుణ్ణి చంపుతాడు. బండ్లు కిందినుంచే పోయేవి కదా, తోలేవాళ్ళు ఆ కథ చెప్పుకోకుండా ఉండి ఉంటారా?

దగ్గరగా వెళ్ళి చూశాను. ఈ ఊరున్న ఎసెక్స్ ప్రాంతంలో కట్టడానికి పనికొచ్చే రాయి తక్కువ. అందుకని ఓక్ దూలాలతో చట్రం, మధ్యలో తడికె, తడికె మీద మట్టి మెత్తడం, దాని పైన సున్నం. సున్నంలో ఇసుకతో పాటు పశువుల వెంట్రుకలు కలుపుతారు, పగుళ్ళు రాకుండా. మనం గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపినట్టు. పచ్చిగా ఉండగానే చేత్తో, తాపీతో బొమ్మ లేపాలి. ఒక ఆకు అంచున మేస్త్రీ వేలు అద్దిన గుంట ఉంది. నా బొటనవేలు దాని దగ్గర పెట్టి చూసుకున్నాను గానీ తాకలేదు. ఇలాంటి గోడకి తేమ పీల్చుకుని వదలడం తెలుసు. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి దూలం కుళ్ళుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా, మనవాళ్ళు పాత గుళ్ళకి కూడా సిమెంటు పూస్తూనే ఉన్నారు. నాకు కోపం వస్తుంది.

తిరిగి చౌకులోకి వచ్చి కార్న్ ఎక్స్ఛేంజి ముందు మెట్ల మీద కూర్చున్నాను. 1847-48లో కట్టారు. రైతులు చిన్న సంచుల్లో గింజల నమూనా తెచ్చి బల్లల దగ్గర నిలబడేవారు. వ్యాపారులు అరచేతిలో పోసుకుని, పళ్ళతో కొరికి బేరం చేసేవారు. గింజ రంగు తేటగా కనపడాలని ఇలాంటి భవనాల్లో వెలుతురు పైనుంచి పడేలా కట్టేవాళ్ళు. 19వ శతాబ్దం చివర్లో అమెరికా నుంచి చవక ధాన్యం దిగడంతో ఇలాంటి ఎక్స్ఛేంజీలన్నీ నీరసించాయి. ఈ భవనాన్ని 1970లలో లైబ్రరీ చేశారు. లోపలికి వెళ్ళాను. ఏడెనిమిదేళ్ళ పిల్లాడొకడు నేల మీద బోర్లా పడుకుని డైనోసార్ల పుస్తకం చూస్తున్నాడు. వాణ్ణి ఎవరూ లేవమనలేదు.

అక్కడ నాకు మా పాత ప్రభుత్వ కచేరీ గుర్తొచ్చింది. ఒక చిన్న పట్టణంలో, నేను ఉద్యోగంలో ఉన్నప్పటి మాట. నూరేళ్ళు దాటిన భవనం. టేకు దూలాలు, వాటి మీద ఇటుకా సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పు, రెండడుగుల మందం గోడలు. మరమ్మతుకి పనికిరాదని రిపోర్టు వెళ్ళాలన్నారు. రాశాను, సంతకం పెట్టాను. కూల్చడానికి గునపాలతో తొమ్మిది రోజులు పట్టింది. గునపం పడ్డప్పుడల్లా సున్నం ఖంగుమనేది. అంత గట్టి గోడ పనికిరానిదెలా అయిందని నన్నెవరూ అడగలేదు. ఆ స్థలంలో లైబ్రరీ పెట్టొచ్చని నాకూ తోచలేదు. లైబ్రరీలో ఒక కుర్చీలో అరగంట కూర్చుని లేచాను.

సెయింట్ మేరీస్ చర్చి శిఖరం 193 అడుగులు. ఎక్కడ నిలబడ్డా కనిపిస్తుంది, అదీ 1832లో పైన పెట్టిందే. లోపల కమానుల మీద రాతిలో చెక్కిన కుంకుమపువ్వులున్నాయి. మైదానంలో గడ్డితో చేసిన పద్మవ్యూహం లాంటి దారి ఉంది, నడిస్తే కిలోమీటరున్నర. మోకాళ్ళు ఒప్పుకోక సగంలో వచ్చేశాను.

కాసిల్ స్ట్రీట్‌లో వరసగా రంగురంగుల చిన్న ఇళ్ళు. ఒక గుమ్మం పక్కన మట్టికుండీలో ఊదారంగు పూలు. ఆగి వంగి చూశాను. రేకుల మధ్య మూడు ఎర్రటి పోగులు! ఇంటావిడ తలుపు తీసింది, ఎనభై దగ్గర ఉంటుంది వయసు.

"ఇది అదేనా అండీ?" అన్నాను.

"అదే. ఊరి పేరు నిలబెట్టాలి కదా" అంది. ఎవరి కోసం అంత శ్రద్ధగా చూస్తున్నారని అడిగింది. మా అమ్మాయికి ఐదో నెలని, మా వైపు పాలల్లో వేసి ఇస్తామని చెప్పాను. ఆమె మారు మాట్లాడకుండా మూడు పూలు తుంచి కాగితంలో మడిచి ఇచ్చింది. పోగులు ఒక్కొక్కటే లాగి నీడన ఆరబెట్టమంది. ఒక గ్రాము కావాలంటే నూట యాభై పూలు కావాలని కూడా చెప్పింది.

రాత్రి మా ఆవిడ తొమ్మిది పోగులనీ పళ్ళెంలో ఆరబెట్టి, మర్నాడు గోరువెచ్చటి పాలల్లో వేసింది. ముగ్గురం గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాం. మొదట ఏమీ కాలేదు. తరవాత ఒక్కో పోగు చుట్టూ పసుపు మెల్లగా విచ్చుకుంది.