రెండో 'మ్మ'

మా మామయ్య తెనాలిలో బోర్డులు రాసేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. ఊళ్లో అందరూ 'ఆర్టిస్టు గారు' అనేవారు. రాసిన ప్రతి బోర్డుకీ కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో తన పేరు, పక్కన 'ఆర్ట్స్' అని పెట్టుకునేవాడు. 2000 దాటాక ఫ్లెక్సులు వచ్చాయి. ఆ మూలన ఇప్పుడు ప్రింటింగ్ షాపు ఫోన్ నంబరు ఉంటోంది. అక్షరం దిద్దిన మనిషి పేరు లేదు.

రెండేళ్లుగా నేను ఆయన అక్షరాలతో ఫాంటు చేస్తున్నాను. మొన్న ఒక పెళ్లిలో బంధువు ఒకాయన, "కంప్యూటర్ చేసేదాంట్లో ఆర్ట్ ఏముందిరా?" అన్నాడు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

మామయ్య 'లక్ష్మి' రాసేటప్పుడు మ వత్తు ఎంత ఉండాలో ఆ బోర్డును చూసి తేల్చుకునేవాడు. కింద ఇంకో లైనుంటే వత్తును కుదించి పక్కకి జరిపేవాడు. చోటుంటే తోక సాగదీసేవాడు. ఫాంటులో ఆ వీలు లేదు. నేనివాళ గీసే వత్తు రేపు ఎవరో, ఎక్కడో, నేనెన్నడూ చూడని మాటలో ఇమడాలి. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకి ఇచ్చినవి 128 స్థానాలే. గుణింతాలు, వత్తులు కలిపేసరికి గీయాల్సిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. మామయ్య బోర్డు ముందు నిలబడి తేల్చుకున్నవన్నీ నేను ముందే తేల్చుకోవాలి. అది కళ కాదంటే నేను ఒప్పుకోను.

అలాగని పోయిందేమీ లేదనీ అనను. మామయ్య తలకట్టు చదును బ్రష్షుతో ఒక్క లాగుడు. సన్నగా మొదలై, కిందికి దిగి, పైకి లేస్తూ మందమయ్యేది. చివర ఎనామిల్ చిన్న బొడిపెలా ఆగేది. ఏ రెండు తలకట్లూ ఒక్కలా ఉండేవి కావు. నా ఫాంటులో మొదట అన్నీ ఒకటే. 'అమ్మమ్మ' అని టైప్ చేసి చూపిస్తే, "రెండో మ్మ మొదటిదానికి జిరాక్సులా ఉందిరా" అన్నాడు. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. పక్కనున్న అక్షరాన్ని బట్టి వేరే రూపం వచ్చేలా ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫార్మాట్‌లో నియమం రాయొచ్చు. అందుకని తరచూ వచ్చే అక్షరాలన్నిటికీ రెండో రూపం గీశాను. ఊళ్లో మిగిలిన ఆయన బోర్డు ఒక కిరాణా కొట్టుది. దాన్ని నాలుగుసార్లు ఫొటో తీసుకొచ్చి, గీత పక్కన గీత పెట్టి చూసుకుంటూ గీశాను. ఇప్పుడు 'అమ్మమ్మ'లో రెండో 'మ్మ' తలకట్టు కొంచెం పొట్టి, వత్తు కొంచెం ఎడంగా వస్తుంది.

ఫాంటు ఫైల్లో డిజైనర్ పేరు రాసే గడి ఒకటుంటుంది. దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. అందులో మామయ్య పేరు టైప్ చేసి స్క్రీను ఆయన వైపు తిప్పాను. కళ్లజోడు తుడుచుకుని చదివి, "పక్కన 'ఆర్ట్స్' కూడా పెట్టు" అన్నాడు.